సీతాఫలం గింజలు తీసిన చేతులు

సర్వశక్తిగల తండ్రీ, నీకు స్తోత్రం. రాళ్లగుట్ట మీద, ఎవరూ నీళ్లు పోయని చెట్టుకు తియ్యటి పండు కాయించేవాడివి నీవే. దున్నడానికి సెంటు పొలం లేనివాడి చేతికి కూడా ఆ పండు అందే ఎత్తులోనే పెట్టావు. ఈ ముసలి వేళ్లకు ఇంకా కలం పట్టే బలం ఉంచినందుకు నీకు వందనాలు. నేను రాయబోయే దానిలో నన్ను నేను మంచిదానిలా చూపించుకునే మాట ఒక్కటి దొర్లినా, దాన్ని కొట్టివేసే ధైర్యం నాకు దయచెయ్యి. ఆమెన్.

నేను చేసే పండ్ల తీపి వంటలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టమని మా సంఘంలోని ఆడవాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు. అరటిపండువి రాశాను. మామిడివి రాశాను. జామ, బొప్పాయి కూడా అయిపోయాయి. సీతాఫలం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. పాలు ఎన్ని, బెల్లం ఎంత అని రాయడం కష్టం కాదు. ఆ వంట నాకు నేర్పింది ఎవరో చెప్పకుండా రాస్తే, పందొమ్మిదివందల నలభై ఎనిమిదో సంవత్సరంలో నేను చేసిన పాపాన్నే మళ్లీ చేసినదాన్నవుతాను. అందుకని వంట తర్వాత, ముందు ఈ సంగతి.

మా పుట్టిల్లు కోదాడ. నాన్న అనంతగిరి వైపు ఒక మామిడితోటకు కాపలా ఉండేవాడు. గాలికి రాలిన కాయలు, చిలకలు కొట్టినవి, ఒక పక్క మెత్తబడినవి మా ఇంటికి వచ్చేవి. అమ్మ ఒక్కదాన్నీ పారేసేది కాదు. చెడిన ముక్క కోసేసి, మిగిలింది రసం తీసి, కాచి చల్లార్చిన పాలు కలిపి, అన్నాలయ్యాక తలా ఒక గిన్నెడు పోసేది. మామిడి లేని నెలల్లో బాగా మాగిన అరటిపండ్లు చేత్తో మెదిపి, బెల్లం తురుము, గడ్డపెరుగు, చిటికెడు యాలకుల పొడి. చెప్పకుండా ఎవరైనా చుట్టాలు దిగితే అవే అరటిపండ్లను చక్రాలుగా కోసి, పల్చటి పాకంలో వేసి, పైన కొబ్బరి కోరు చల్లేది. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోయేది. ఆ గిన్నె చేతికి వచ్చాక స్తోత్రం చెప్పకుండా నోట్లో పెట్టుకుంటే నెత్తిన మొట్టికాయ పడేది. నాకు ప్రార్థన నేర్పింది ఆ తీపి గిన్నెలే అంటే అతిశయోక్తి కాదు.

తర్వాత మిషన్ బోర్డింగ్ బడిలో చదివాను. అక్కడి దొరసాని జామపండ్లు ఉడికించి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లను చక్కెరతో గడ్డకట్టేదాకా కాచడం నేర్పింది. యుద్ధం రోజుల్లో చక్కెర దొరక్క బెల్లంతో చేస్తే నల్లగా వచ్చేది. దొరసాని మొహం చిట్లించుకునేది. మేం గిన్నె అడుగు గీరి తినేవాళ్లం.

నలభై అయిదులో పెళ్లయి సూర్యాపేట వచ్చాను. మా ఆయన అక్కడి బడిలో పంతులు. ఆదివారం సంఘానికి వాక్యం చెప్పేది కూడా ఆయనే. కాబట్టి నేను పంతులమ్మనయ్యాను. వచ్చిన మొదటి నెలలోనే నా వంటలతో అందరినీ మెప్పించాలని ఆశపడ్డాను. సంఘపెద్ద ఇంట్లో భోజనానికి జామపండు పాకం చేసి తీసుకెళ్లాను. సంఘపెద్ద భార్య గిన్నె మూత తీసి చూసి, చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ వినబడేట్టు అన్నది:

“పండును తినాలె గాని వండుతరా పంతులమ్మా? రేపు మంచినీళ్లను గూడ తాలింపేస్తవేమో!”

అందరూ విరగబడి నవ్వారు. నేను “లేదండీ, ఒకసారి రుచి చూడండీ” అన్నాను. దానికి ఇంకా నవ్వారు.

“ఒక్క నోట్లకెళ్లి ఎన్ని అండీలు ఒస్తయే ఈమెకు! కోదాడ బిడ్డ గద, బస్సు నిండ అండీలు ఏసుకోనొచ్చింది.”

ఆమె చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే రెండు పూటలా జావ తెచ్చి ఇచ్చింది ఆమే. కానీ మూడేళ్లపాటు నేను ఏ విందుకు ఏ తీపి చేసినా అది సగానికి సగం మిగిలేది. ఆ మిగిలిన గిన్నెలు మోసుకొని ఇంటికి రావడం నన్ను ఎంత నొప్పించిందో అప్పుడు ఎవరికీ చెప్పుకోలేదు. దేవుని సేవలో ఉన్నదానికి మెప్పు ఎందుకని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తిట్టుకుంటూనే కోరుకునేదాన్ని.

ఇక ఆ ఏడాది సంగతి. పగలు సర్కారు మనుషులు, రాత్రి అడవిలోని దళంవాళ్లు వచ్చి బియ్యం అడిగే రోజులవి. ఎవరికి పెట్టినా రెండోవాళ్లతో తన్నులు తప్పేవి కావు. చివ్వెంల వైపు ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి. వానాకాలం చివర, సైన్యం వచ్చి గొడవలు కాస్త అణిగాయని అనుకుంటున్నప్పుడు, ఒక ఉదయం బడి వాకిట్లో ఒక ఆడమనిషి కూర్చొని ఉంది. నాకంటే అయిదారేళ్లు పెద్దది. చంకలో నాలుగేళ్ల కూతురు. భర్తను గొడవల్లో ఎవరో తీసుకుపోయారు, తిరిగి రాలేదు. గుడిసె కాలిపోయింది. బాప్తిస్మం పొందిన మనిషి, మా ఆయన రెండు మూడుసార్లు వాళ్ల గూడెంలో ప్రార్థన పెట్టారు కూడా. ఆ గుర్తుతో వచ్చింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమె గూడెం వేరు, మా సంఘంవాళ్ల గూడెం వేరు. ఊరివాళ్లకు రెండు గూడేలూ అంటరానివే. మాకు పాలు అమ్మే ఆమె తన చెంబు మా గిన్నెకు తగలకుండా జానెడు పైనుంచి పోసేది. ఆ పాలు తెచ్చుకొని కాచుకొని తాగిన మా వాళ్లే, పక్క గూడెంవాళ్ల ఇంట్లో మంచినీళ్లు ముట్టేవాళ్లు కాదు. ఒకే ప్రభువు, ఒకే పాట, ఒకే చాప. అయినా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర ఆమె గూడెంవాళ్లను అందరికంటే చివర రమ్మనేవాళ్లు. వాళ్ల తర్వాత ఆ గిన్నె ఇంకొకరి పెదవికి తగలకుండా ఉండాలని.

మా ఆయన ఆమెను బడి వెనక కొట్టంలో ఉంచారు. అప్పటికి మా బడిలోనే ఉండి చదువుకునే బోర్డింగ్ పిల్లలకు వండే ముసలామె చనిపోయి మూడు నెలలైంది. వంట నేనూ మరొకరూ సర్దుతున్నాం. కొట్టంలోని ఆమెను వంటమనిషిగా పెట్టుకుంటే ఆమెకు నీడ దొరుకుతుంది, పిల్ల చదువుకుంటుంది, పిల్లలకు వేళకు అన్నం ఉంటుంది. మా ఆయన ఈ మాట సంఘపెద్దతో అన్నారు. నేను గడప లోపల నిలబడి విన్నాను.

“నాకేం లేదు పంతులూ. నేనైతే ప్రభువు బిడ్డలందరు ఒక్కటే అంట. గని లోకమున్నది గద! ఆమె వండితే పిల్లలు తింటరా? వాళ్ల తల్లిదండ్రులు ఊకుంటరా? ముందు కోతపండుగ కానియ్యి. ఆ తర్వాత పెద్దమనుషులం కూసొని మాట్లాడుదం.”

“అప్పటిదాకా కొట్టంలో ఉండనివ్వండి.”

“ఉండనీ. పండుగైనంక కానుకల ధాన్యానికి కొట్టం గావాలె. అప్పుడు అటో ఇటో తేల్చాలె.”

కోతపండుగ అంటే మా సంఘాల్లో పంట చేతికొచ్చినప్పుడు చేసే కృతజ్ఞతారాధన. ఎవరి తొలిపంట వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. గుమ్మడికాయ, జొన్నకంకి, కోడిపుంజు, ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక అందరూ బంతి కట్టి భోంచేస్తారు. దాన్ని ప్రేమవిందు అంటారు. ఆ పండుగకు ఇంకా పది రోజులుంది. పది రోజుల తర్వాత ఆ తల్లీబిడ్డలు ఉంటారో పోతారో తేలుతుంది.

ఆలోచన నాదే. మా ఆయనది కాదు, ఆమెది అసలే కాదు. ప్రేమవిందులో తీపి ఆమె చేత చేయిద్దాం, అందరూ తిన్నాక నేను లేచి నిలబడి చెబుతాను, మీరు తిన్నది ఈమె చేతి పండు, మీకేమైందో చెప్పండి అని. తిన్నాక కాదనడానికి ఏముంటుంది? మా ఆయన “నేను చెప్పేదా?” అన్నారు. “వద్దు, నేనే చెప్తాను. వంట సంగతి ఆడవాళ్లు చెప్తేనే బాగుంటుంది” అన్నాను. ఆ మాట నాకు ఈ రోజుకీ వినబడుతుంది.

ఆమె గుట్టల వైపు వెళ్లి రెండు గంపల సీతాఫలాలు తెచ్చింది. పండ్లు కాదు, కాయలు. ఒక్కొక్కదాన్ని చేత్తో తిప్పి, వేలితో మీటి, మూడు కుప్పలుగా పోసింది.

“గివి శుక్రారం మాగబెట్టాలె, గివి రేపే. ఇగో, ఇయ్యి ఇయ్యాల్నే గడ్డిల పెట్టాలె. అన్ని ఒక్కనాడే కన్ను ఇప్పుతయ్, సూడు.”

సీతాఫలం మాగిందా లేదా అన్నది దాని కన్నులు చెబుతాయి. పైనున్న బుడిపెల మధ్య గీతలు విచ్చుకొని లోపలి తెలుపు కనిపించాలి. శనివారం సాయంత్రానికి గంపలు విప్పితే, గడ్డిలోనే ఉంచేసిన ఆరు లేత కాయలు తప్ప, రెండు గంపల పండ్లూ ఒక్కసారే కన్ను విచ్చి ఉన్నాయి. నాకు ఒళ్లు పులకరించింది.

ఆదివారం పొద్దున్నే కొట్టం ముందు కూర్చున్నాం. అంతకుముందు నేను సీతాఫలం చేస్తే గరిటెతో రుద్దేదాన్ని. గింజలు నలిగి ఏదో వగరు, చేదు దిగేది. ఆమె నా చేతిలోంచి గరిటె లాగేసింది.

“అట్ల మెదపకమ్మగారూ, గింజ పగులుతది. పగిలితే సేదు. నీ కంట్ల గింట్ల పడ్డదంటే పొద్దుందాక మండుతది.”

అన్నం వార్చుకునే వెదురు సిబ్బిని గిన్నె మీద బోర్లించింది. పండును రెండు చెక్కలు చేసి, తొక్కకు అంటుకొని ఉండే ఇసుక పలుకులాంటి పొర రాకుండా, మధ్య గుజ్జును మాత్రం వేళ్లతో తీసింది. సిబ్బి మీద వేసి, అరచేయి ఆనించకుండా, వేళ్ల కొసలతో గుండ్రంగా తిప్పింది, నిద్రపోతున్న పిల్ల తల నిమిరినట్టు. గుజ్జు కిందికి జారుతోంది. గింజలు నల్లగా, శుభ్రంగా పైన మిగులుతున్నాయి. నేను పక్కన పాలు కాచాను. వెడల్పు గిన్నెలో సగానికి మరగనిచ్చి, దించి, నీళ్ల తొట్టిలో పెట్టి చల్లార్చాను. బెల్లం వేడి పాలలో వేస్తే విరుగుతాయని నాకు తెలుసు. సీతాఫలం కూడా అంతేనని ఆమె చెప్పింది. పాలు పూర్తిగా చల్లబడ్డాకే బెల్లం పాకం, యాలకులు, అన్నిటికంటే చివర గుజ్జు. పొయ్యి మీద పెట్టకూడదు.

ఆమె కూతురు ఎదురుగా గొంతుక్కూర్చొని గింజలు లెక్కపెడుతోంది. ఎనిమిది దాకా వచ్చి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతోంది.

“గిన్ని గింజలెందుకమ్మా?” అంది పిల్ల.

“పంతులమ్మకు పేలు పడితే నూరి పెడుదం” అంది తల్లి, నా వైపు ఓరగా చూస్తూ.

నేను నవ్వాను. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వులో నేను ఆమెను “అక్కా” అన్నాను. ఆమె చేతులు కాసేపు ఆగాయి.

“అందరూ తిన్నాక నేనే లేచి చెప్తాను అక్కా, ఇది నీ చేత్తో చేసిందని.”

“సెప్పకుంటె ఏమైతది. తింటె సాలు.”

“కాదు. చెప్పాలి. చెప్తేనే నీకు వంట ఇస్తారు.”

ఆమె నా మొహంలోకి చూసింది.

“నిజంగ సెప్తవా సెల్లె?”

“చెప్తాను.”

ఆరాధన జరిగింది. కానుకలతో బల్ల నిండింది. ఆమె ఏమీ లేనిది కదా, నాలుగు సీతాఫలాలు తెచ్చి ఒక చివర పెట్టి వెనక్కి వెళ్లి తలుపు దగ్గర కూర్చుంది. మా ఆయన ఆ రోజు కృతజ్ఞత గురించి చెప్పారు. నాకు ఒక్క మాటా ఎక్కలేదు. లేచి నిలబడి ఎలా మొదలుపెట్టాలో లోలోపల వల్లె వేసుకుంటున్నాను.

భోజనాలయ్యాయి. ఆకు దొప్పల్లో తీపి నేనే వడ్డించాను. ఆమె వెనక పొయ్యిల దగ్గర గిన్నెలు తోముతోంది. మొదట బంతిలో మాటలు ఆగిపోయాయి. తర్వాత ఒకరు రెండో దొప్ప అడిగారు. ఇంకొకరు అడిగారు. సంఘపెద్ద భార్య దొప్ప అంచు వేలితో తుడిచి వేలు నోట్లో పెట్టుకుంది.

“పంతులమ్మా, గిదేం పండు?”

“సీతాఫలం.”

“అబద్దం! సీతాఫలమైతె గింజలేడవోయినయ్? నా పళ్లకు ఒక్కటి తాకలే!” బంతి అంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు, నాతో. ఆమె లేచి వచ్చి నా బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది. “ఇన్నేండ్లకు మా నోటికి పట్టే వంట సేసినవ్ బిడ్డా. ఇగో వినుండ్రి, ఇప్పటికెల్లి ఈమె అండీ అన్నా నేను ఏమనను! నువ్వే సేసినవా అంత?”

అదే సమయం. నేను ఎదురుచూసిన సమయం. నా ఎదురుగా మా ఆయన దొప్ప చేతిలో పట్టుకొని నా వైపు చూస్తున్నారు. నేను నోరు తెరిచాను.

“నేనే చేశాను” అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. తెలియదని అబద్ధమాడను. మూడేళ్లు మిగిలిన గిన్నెలు మోసుకెళ్లిన దాన్ని. ఆ రెండు చేతులు నా బుగ్గల మీద ఉన్నాయి. అవి తీసేస్తారేమోనని భయపడ్డాను. ఇంకొక్క నిమిషం ఉండనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల, తల్లి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందో, పందిరి గుంజ పట్టుకొని నిలబడి గట్టిగా అంది:

“మా అమ్మ తీసింది గింజలు. నేను సూసిన.”

బంతి ఆగిపోయింది. సంఘపెద్ద దొప్ప నోటి దాకా ఎత్తినవాడు అక్కడే ఆపాడు. ఆయన భార్య చేతులు నా బుగ్గల మీది నుంచి జారాయి.

“ఏంది పంతులమ్మా, ఈ పొల్ల గట్లంటది?”

దేవుడు నాకు రెండోసారి తలుపు తెరిచాడు, ఒక పిల్ల నోటితో. నేను నవ్వుమొహం పెట్టుకొని అన్నాను:

“చిన్నపిల్ల కదండీ, దానికేం తెలుసు. వాళ్లమ్మ గుట్ట మీది నుంచి పండ్లు తెచ్చిపెట్టింది. అది చెప్తోంది.”

సంఘపెద్ద దొప్ప ఎత్తి తాగేశాడు. వెనక నుంచి ఆమె గొంతు వినబడింది, అందరూ వినేటంత పెద్దగా:

“ఊకో బిడ్డా! నీకేమెరుక? అమ్మగారే సేసిన్రు.”

ప్రభువును ఎరగనని అన్న శిష్యుడిని మూడుసార్లు అడిగారు. నన్ను రెండుసార్లే అడిగారు. మూడోసారి అడిగినా నేను అదే చెప్పేదాన్ని. ఆ శిష్యుడు బయటికి వెళ్లి ఏడ్చాడు. నేను రెండో వడ్డన చేశాను. ఆ రోజు గిన్నెలో ఒక్క చుక్క మిగల్లేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన కండువా మేకుకు తగిలించి మళ్లీ తీసి మళ్లీ తగిలించారు.

“నువ్వు చెప్తానన్నావ్. అందుకే నేను లేవలేదు.”

“ఇప్పుడు వెళ్లి చెప్పనా?”

“ఇప్పుడు చెప్తే, మాకు చాటుగ తినిపించిన్రని కోపం వస్తది. ఆ కోపం నీ మీద పడదు. నువ్వు పంతులు భార్యవు. ఆమె మీద పడ్తది.”

అది నిజం. అయినా మంగళవారం పెద్దమనుషులు కూర్చున్నప్పుడు నేను వెళ్లి, తప్పు నాదొక్కదానిదే అని చెప్పి ఉండొచ్చు. వెళ్లలేదు. ఇంట్లో బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఏరిన బియ్యమే మళ్లీ ఏరాను. మా ఆయన ఒక్కరే వాదించి, ఓడిపోయి వచ్చారు. పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని తేల్చారు. కొట్టం ఖాళీ చేయాలని చెప్పారు.

గురువారం పొద్దున ఆమె కొట్టం ఊడ్చి, అలికి, సిబ్బి కడిగి తెచ్చి మా అరుగు మీద పెట్టింది. పిల్ల చంకలో ఉంది, మూట నెత్తి మీద.

“మాడుగులపల్లి కాడ మా మేనత్తున్నది. కోతలకు పోత. పోయొస్త అమ్మగారూ.”

అమ్మగారూ అంది. నేను అక్కా అనలేకపోయాను. బెల్లంగడ్డ, రెండు జామపండ్లు పిల్ల చేతిలో పెట్టాను. పిల్ల తీసుకుంది. ఆమె వెళ్లబోతూ వెనక్కి తిరిగి, కొట్టంలో గడ్డి వైపు చూపించింది.

“ఆరు కాయలు మిగిలినయ్. ఎల్లుండికి కన్ను ఇప్పుతయ్. గింజ పగలకుండ తియ్యుండ్రి.”

నిందించలేదు. ఒక్క మాట అన్నా నాకు ఊపిరాడేది. అన్నట్టే ఆ ఆరు కాయలూ శనివారానికి కన్ను విచ్చాయి. మేం ముట్టలేదు. ఈగలు ముసిరాక మా ఆయన తీసుకెళ్లి పెంటదిబ్బ మీద వేశారు.

మరుసటి ఏడు మా ఆయనకు మిర్యాలగూడకు బదిలీ అయింది. మాడుగులపల్లి అక్కడికి దగ్గరే. సామాను సర్దుకోకముందే బండి కట్టించుకొని వెళ్లాను. అడుగుతూ అడుగుతూ ఆ మేనత్త గుడిసె పట్టుకున్నాను. ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసి, కూర్చోమని కూడా అనలేదు.

“ఎండకాలంల పొల్లకు జరమొచ్చింది. దవాఖానకని ఎత్తుకపోయింది. మళ్ల రాలే.”

“ఏ దవాఖాన?”

“నాకేమెరుక. మిర్యాలగూడదో, నల్లగొండదో. నువ్వెవరివి, ఆమెకేమైతవ్?”

ఏమవుతాను? బండి మిర్యాలగూడ వైపు తిప్పించాను. మిర్యాలగూడ దవాఖానలో అడిగాను. జ్వరాలతో ఎందరో తల్లులు ఎందరో పిల్లలను తెచ్చారు, ఎవరిని గుర్తుపెట్టుకుంటాం అన్నారు. నల్లగొండకు మా ఆయన వెళ్లి వచ్చారు. ఏమీ తెలియలేదు. ఈ రోజు వరకూ తెలియలేదు.

ఆ డిసెంబరులో సూర్యాపేట వెళ్లి సంఘపెద్ద భార్య ముందు కూర్చున్నాను. ఆమె చేటలో శనగలు చెరుగుతోంది. ఉన్నదంతా చెప్పాను. కొడితే కొట్టనీ, ఊరంతా పిలిచి చెప్తే చెప్పనీ అనుకున్నాను. ఆమె చెరగడం ఆపలేదు.

“మాకు ఎరుకే పంతులమ్మా.”

నాకు అర్థం కాలేదు.

“పొల్ల సెప్పె గద. నాలుగేండ్ల పొల్లకు అబద్దమాడుడు ఏడికెల్లొస్తది? మా ఆయనకూ ఎరుకే. దొప్ప ఆపిండు సూసినవా? నువ్వేమంటవో అని ఆపిండు. నువ్వు అవునంటే ఏం జేద్దుమో ఏమో. తిన్నదైతె తిన్నం, కక్కుతమా? నాలుగు తిట్లు తిట్టి, రెండు దినాలు అలిగి, ఆఖరికి ఊకునేటోళ్లమేమో.” చేట కింద పెట్టింది. “నువ్వు కాదన్నవ్. మా నెత్తి మీది బరువు దించినవ్ అనుకున్నం. మంచిదనుకున్నం.”

నా వైపు చూడకుండా అంది: “గా పండు రుసి మాత్రం ఇంక నోట్లనే ఉన్నది.”

నేను మోసపుచ్చానని ఏడాదిగా బాధపడుతున్నాను. ఎవరూ మోసపోలేదు. అందరూ నా నోటి వైపు చూస్తూ, నా ఒక్క మాట కోసం ఆగారు. వాళ్లు తమ మీద వేసుకోలేని సత్యాన్ని నేను వేసుకుంటానేమోనని చూశారు. నేను అబద్ధమాడి, వాళ్లందరికీ కూడా అబద్ధాన్ని పంచాను, దొప్పల్లో పోసి పంచినట్టే. దేవుని ఎదుట అది నా ఖాతాలో ఎంత బరువో నాకు తెలుసు.

తర్వాత మిర్యాలగూడలో, ఇంకా ఎన్నో ఊళ్లలో, ప్రతి కోతపండుగకూ ఆ తీపి చేశాను. వడ్డించే ముందే లేచి నిలబడి చెప్పేదాన్ని, ఇది ఫలానా గూడెం ఆడమనిషి నేర్పిన వంట, ఆమెను నేను కాదన్నాను అని. కొందరు దొప్ప కింద పెట్టేసి లేచిపోయేవాళ్లు. పోనీ అనుకునేదాన్ని. ఆలస్యంగా చెప్పిన సత్యం ఆమెను ఆ కొట్టంలోకి తిరిగి తీసుకురాలేదు.

ఇక నోటుపుస్తకంలో సీతాఫలం పేజీ రాస్తాను. పైన ఆమె సంగతి, కింద పాలు, బెల్లం. అక్కలారా, చెల్లెళ్లారా, మీరు ఆ తీపి చేసేటప్పుడు సిబ్బి మీద వేళ్ల కొసలతో గుజ్జు తిప్పుతూ, చేతులు కడుక్కోకుండానే, నాతో కలిసి ప్రార్థించండి. ఆ తల్లి బతికి ఉంటే ఎక్కడో ఒక వంటింట్లో ఆమె చేతి కూడు జనం ఆనందంగా తింటూ ఉండాలని అడగండి. జ్వరంతో వెళ్లిన ఆ పిల్ల కోలుకొని, నిజం చెప్పినందుకు మళ్లీ ఎవరూ ఊకోమని అనని ఇంట్లో పెరిగి ఉండాలని అడగండి. అందరూ మన నోటి వైపు చూస్తున్న ఆ ఒక్క క్షణంలో మన నోట నిజమే రావాలని, మీ కోసం కూడా, నా కోసం కూడా, ప్రభువును అడగండి.